దేవుడు ఒక్కడే అయితే మతమూ ఒక్కటేనా?

ప్రశ్న: మేం నలుగురం చాలా ఏళ్లుగా స్నేహితులం. ఒకడు కేథలిక్, ఒకడు పెంతెకొస్తు, ఇంకొకడు షియా ముస్లిం. నేను దేవుణ్ని నమ్మను గానీ మతాల గురించి చదవడం ఇష్టం. మొన్న ఏదో మాటల్లో "మీ ముగ్గురిదీ ఒకటే మతం రా, అందరూ అబ్రాహాము నుంచి వచ్చినవాళ్లే, దేవుడు ఒకడే, ప్రవక్తలు వాళ్లే, పేర్లు మారాయి అంతే" అన్నాను. కలుపుదామనే అన్నాను. పెంతెకొస్తు వాడు వెంటనే "నన్ను వాళ్లతో కలపకు, అసలు కేథలిక్కులే క్రైస్తవులు కారు" అన్నాడు. కేథలిక్ వాడికి ఒళ్లు మండింది, ఇద్దరూ అరుచుకున్నారు. షియా మిత్రుడు ఏమీ అనలేదు, కానీ అప్పటినుంచి నాతో ముభావంగా ఉంటున్నాడు. నేనన్నదాంట్లో తప్పుందా? ఇవన్నీ ఒకే మతం కింద లెక్కా, వేరు వేరా? శాఖల సంగతేంటి? మోర్మన్లు, అహ్మదీయుల్లాంటి వాళ్లని ఎటు వేయాలి?

జవాబు: ఇలాంటి ప్రశ్నలకి "ఒక రకంగా అవును, ఇంకో రకంగా కాదు" అని తప్పించుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి ముందు సూటిగా చెప్పేస్తాను. యూదు మతం, క్రైస్తవం, ఇస్లాం మూడు వేరు వేరు మతాలు. కేథలిక్, పెంతెకొస్తు మాత్రం ఒకే మతంలోని రెండు శాఖలు, మీ పెంతెకొస్తు మిత్రుడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే. సున్నీలు, షియాలు కూడా అంతే. మోర్మన్లు, అహ్మదీయుల దగ్గరే కాస్త ఆగి ఆలోచించాలి, వాళ్ల గురించి చివర్లో చెప్తాను.

మీతో వచ్చిన చిక్కేంటంటే మూడు ప్రశ్నల్ని కలిపి ముద్ద చేశారు. మూలం ఒకటేనా, దేవుడు ఒకడేనా, మతం ఒకటేనా. మొదటిదానికి అవునన్నంత మాత్రాన మూడోదానికీ అవునని అయిపోదు.

మూలం ఒకటే అన్నది నిజమే, కానీ మీరు కలపడానికి వాడుకున్న అబ్రాహాము దగ్గరే వాళ్ల పేచీ మొదలవుతుంది. ఈ మూడూ దాయాదుల్లాంటివి, తాత ఒకడేనన్న దగ్గర ఎవరికీ గొడవ లేదు, అసలు వారసుడెవరన్నదే గొడవ. యూదుల లెక్కలో దేవుడు అబ్రాహాముతో చేసిన నిబంధన ఇస్సాకు, యాకోబుల మీదుగా తమకు వచ్చింది. తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు గలతీయులకు రాసిన పత్రికలో విశ్వాసం ఉన్నవాళ్లే అబ్రాహాము పిల్లలని వాదించి, ఆ వారసత్వాన్ని రక్తసంబంధం నుంచి విడదీసి యూదులు కానివాళ్లకీ పంచేశాడు. ఖురాన్ మూడో సూరా (అధ్యాయం) అయితే ఇబ్రాహీం, అంటే అబ్రాహాము, యూదుడూ కాదు, క్రైస్తవుడూ కాదు, ఏకదైవానికి లోబడినవాడని నేరుగా చెప్తుంది. చివరికి బలి కథలో కూడా తేడా ఉంది. ఆదికాండంలో బలిపీఠం మీద పడుకోబెట్టింది ఇస్సాకుని. ఖురాన్‌లో ఆ కొడుకు పేరు చెప్పలేదు, ముస్లింలలో ఎక్కువమంది అది ఇంకో కొడుకు ఇస్మాయీల్ అనే నమ్ముతారు.

అబ్రాహాము సమాధి ఉందని నమ్మే, వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోన్‌ కట్టడం సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒకే కప్పు కింద ఒక భాగం మసీదు, ఇంకో భాగం సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. 1994లో అక్కడ నమాజు చేస్తున్న 29 మందిని ఒక యూదు తీవ్రవాది కాల్చి చంపాడు, ఆ తర్వాతే ఈ విభజన గట్టిగా అమల్లోకి వచ్చింది. ఏడాదిలో పది రోజులు కట్టడం మొత్తం ముస్లింలకి, పది రోజులు మొత్తం యూదులకి, మిగతా రోజుల్లో ఎవరి భాగం వాళ్లది, మధ్యలో సైనికుల కాపలా. అబ్రాహాము పేరు చెప్పగానే అందరూ చేతులు కలిపేస్తారని అనుకునేవాళ్లు ఈ ఏర్పాటు గురించి ఒకసారి చదవాలి.

ఇక దేవుడు ఒకడేనా అన్న ప్రశ్న. ఇది నిజంగా కష్టమైనది, ఎందుకంటే ఆ మతాలవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఖురాన్ 29వ సూరాలో, గ్రంథ ప్రజలతో మాట్లాడేటప్పుడు మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడేనని చెప్పమని ఉంది. కేథలిక్ చర్చి 1965లో రెండో వాటికన్ సభలో చేసిన ప్రకటనలో ముస్లింలు ఏకైక దేవుణ్ని ఆరాధిస్తారని గౌరవంగానే ఒప్పుకుంది. కానీ 2015లో అమెరికాలోని వీటన్ అనే ఎవాంజెలికల్ (ప్రొటెస్టెంట్లలో ఒక ధార) కాలేజీలో ఒక ప్రొఫెసర్, ముస్లింలూ క్రైస్తవులూ ఒకే దేవుణ్ని ఆరాధిస్తారని రాసినందుకు ఆమెను సెలవు మీద పంపారు, తర్వాతి ఏడాది ఆమె ఆ కాలేజీ వదిలేయాల్సి వచ్చింది. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దృష్టిలో ఇస్లాం కల్తీలేని ఏకేశ్వరవాదం, క్రైస్తవం మాత్రం విగ్రహారాధన కిందకి వస్తుంది. చూశారా, ఒక్కొక్కరు ఒక్కో చోట గీత గీస్తున్నారు. నన్నడిగితే ఈ ప్రశ్నకి జవాబు ఏదైనా సరే, మతం ఒకటేనా అన్న ప్రశ్న దాని మీద ఆధారపడదు. ఖురాన్ మన ఇద్దరి దేవుడూ ఒక్కడే అంటూనే, యేసు దేవుడి కుమారుడన్న మాటని తోసిపుచ్చుతుంది. క్రైస్తవులకి ఆ మాటే ప్రాణం. దేవుడు ఒక్కడేనని ఒప్పుకున్నాక కూడా ఆయన ఏం చేశాడు, ఏం చెప్పాడు, ఎవరి ద్వారా చెప్పాడు, మనం ఎలా బతకాలి అన్నవన్నీ మిగిలే ఉంటాయి, మతం అంటే ఎక్కువ భాగం అవే.

మరి మతం ఒకటో కాదో ఎలా తేల్చాలి? నమ్మకాల జాబితాలు పక్కపక్కన పెట్టి ఎన్ని కలిశాయో చూస్తే ఎక్కడికీ తేలదు. నేను చూసేది ఒక్కటే: ఇటునుంచి అటు వెళ్లిన మనిషిని వాళ్లు ఎలా తీసుకుంటారు? కొత్తగా మతంలోకి వచ్చినవాడిలాగా మొదటినుంచి అన్నీ చేయిస్తారా, లేక ఇల్లు మారి వచ్చినట్టు లోపలికి రానిస్తారా? మతాలు నోటితో చెప్పేదానికంటే గుమ్మం దగ్గర చేసేదాంట్లోనే అసలు అభిప్రాయం బయటపడుతుంది.

కేథలిక్ చర్చినే తీసుకోండి. లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొందిన మనిషి కేథలిక్ అవుదామని వస్తే మళ్లీ బాప్తిస్మం ఇవ్వరు. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరిట ఇచ్చిందైతే చాలు, అది ఎవరు ఇచ్చినా చెల్లుతుంది, విశ్వాస ప్రమాణం చేయించి చేర్చుకుంటారు. అదే ఒక ముస్లిమో యూదుడో వస్తే బాప్తిస్మం దగ్గర్నుంచే మొదలు. పెళ్లి విషయంలో ఇది మరీ స్పష్టం. కేథలిక్ అమ్మాయి ప్రొటెస్టెంట్ అబ్బాయిని చేసుకోవాలంటే చర్చి అధికారుల అనుమతి అడగాలి. బాప్తిస్మం లేని అబ్బాయిని, అంటే ముస్లింని గానీ యూదుణ్ని గానీ నాస్తికుణ్ని గానీ చేసుకోవాలంటే అనుమతి చాలదు, ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాలి, అది లేకపోతే చర్చి దృష్టిలో ఆ పెళ్లే చెల్లదు. ఒకటి మనలోనే వేరే శాఖ, రెండోది వేరే మతం అని చర్చి చట్టమే ఇలా విడదీసి పెట్టింది.

ఇస్లాంలోనూ అంతే. సున్నీ మనిషి షియా అయితే కొత్తగా ఇస్లాం స్వీకరించాల్సిన పని లేదు, ముందునుంచీ ముస్లిమే. 632లో ప్రవక్త మరణించాక సమాజానికి నాయకుడెవరన్న దగ్గర మొదలైన తగాదా, 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ చంపబడటంతో ఎప్పటికీ మానని గాయమైంది, అయినా ఇద్దరి ఖురాన్ ఒకటే, కాబా ఒకటే, హజ్‌కి వెళ్తే ఒకే గుంపులో తిరుగుతారు. 2005లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో అనేక దేశాల పండితులు కూర్చుని నాలుగు సున్నీ న్యాయశాఖలనీ, జాఫరీ, జైదీ అనే రెండు షియా శాఖలనీ, ఇబాదీ, జాహిరీలనీ పేరుపేరునా చెప్పి, వీళ్లెవర్నీ కాఫిర్ (అవిశ్వాసి) అనడానికి వీల్లేదని తేల్చారు. అలా తేల్చాల్సి వచ్చిందంటేనే అలా అనేవాళ్లు ఉన్నారని అర్థం, అది వేరే విషయం. క్రైస్తవుడు ఇస్లాంలోకి వస్తే మాత్రం షహాదా, అంటే ఇస్లాం విశ్వాస ప్రమాణం, పలకాల్సిందే. ఇక్కడ మధ్యస్థంగా ఒక గది కూడా ఉంది: యూదులు, క్రైస్తవులు గ్రంథ ప్రజలు కాబట్టి ముస్లిం పురుషుడు ఆ మతాల స్త్రీని, ఆమె తన మతంలోనే ఉండగా, పెళ్లి చేసుకోవచ్చని ఖురాన్ ఐదో సూరా ఆధారంగా చెప్తారు. ఆ మినహాయింపు అవసరమైంది అంటేనే అది వేరే మతమని ఒప్పుకున్నట్టు.

యూదుల దగ్గర ఈ పద్ధతి కొంచెం మెలిక తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ మతమూ జాతీ కలిసిపోయి ఉంటాయి. బయటివాళ్లు రావాలంటే మతపరమైన న్యాయసభ ముందుకు వెళ్లాలి, మిక్వా అనే నీటిలో మునగాలి, మగవాళ్లకి సున్తీ. యూదు తల్లికి పుట్టినవాళ్లు ఆర్థడాక్స్ (సంప్రదాయ) శాఖ నుంచి రిఫార్మ్ (సంస్కరణవాద) శాఖకి వెళ్లినా, అటునుంచి ఇటు వచ్చినా ఇవేవీ అక్కర్లేదు. రిఫార్మ్ రబ్బీల దగ్గర మతం మారి వచ్చినవాళ్లని మాత్రం ఆర్థడాక్స్‌వాళ్లు ఒప్పుకోరు. మరి యూదుడు బయటికి వెళ్తే?

దీనికి ఓస్వాల్డ్ రూఫైసెన్ కథని మించింది లేదు. పోలండ్ యూదుడు. రెండో ప్రపంచయుద్ధంలో తన పుట్టుక దాచిపెట్టి మీర్ అనే ఊళ్లో జర్మన్ పోలీసులకి దుబాసీగా పనిచేస్తూ, అక్కడి యూదులని ఊచకోత కోయబోతున్న కబురు ముందే చేరవేసి ఎంతోమంది పారిపోయేలా చేశాడు. దొరికిపోయి, తప్పించుకుని, క్రైస్తవ సన్యాసినుల మఠంలో దాక్కున్నాడు. అక్కడే క్రైస్తవుడయ్యాడు, తర్వాత కార్మలైట్ అనే కేథలిక్ సన్యాసి సంఘంలో చేరి బ్రదర్ డేనియల్ అని పేరు మార్చుకున్నాడు. 1959లో ఇజ్రాయెల్ వచ్చి, నేను జాతికి యూదుణ్ని, మతానికి కేథలిక్కుని, యూదులకిచ్చే హక్కు కింద నాకు పౌరసత్వం ఇవ్వండన్నాడు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాడు ఎటు పోయినా యూదుడే. కానీ 1962లో సుప్రీంకోర్టు, అది మతశాస్త్రం మాట, మామూలు జనం దృష్టిలో మాత్రం క్రైస్తవ సన్యాసి యూదుడు కాడని చెప్పి ఆయన దరఖాస్తుని కొట్టేసింది. ఆయన అందరు విదేశీయుల్లాగే మామూలు పద్ధతిలో పౌరసత్వం తీసుకుని హైఫాలో ఉండిపోయాడు. యూదుల కోసం ప్రాణం ఒడ్డిన మనిషికే గీత దాటాక తలుపు తెరుచుకోలేదంటే, అక్కడ గీత ఉన్నట్టే కదా.

ఇప్పుడు మీ పెంతెకొస్తు మిత్రుడి సంగతి. పోట్లాడుకుంటున్నారు కాబట్టి వేరే మతమై ఉంటుంది అనుకోవడం తప్పు. జెరూసలేంలో యేసు సమాధి ఉందని నమ్మే చర్చిలో ఆరు క్రైస్తవ శాఖలకి వాటాలున్నాయి: గ్రీక్ ఆర్థడాక్స్, కేథలిక్, అర్మేనియన్, కోప్టిక్, ఇథియోపియన్, సిరియన్. ఏ మెట్టు ఎవరు ఊడవాలి, ఏ దీపం ఎవరు వెలిగించాలి అన్నదానికి ఒట్టోమన్ల కాలంనాటి కట్టుబాట్లు ఉన్నాయి, 1852లో సుల్తాన్ ఉన్నది ఉన్నట్టే ఉంచమని ఫర్మానా ఇచ్చాడు. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చిన్న చెక్క నిచ్చెన ఆనించి ఉంటుంది, 18వ శతాబ్దం నుంచీ అక్కడే ఉంది, అందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరూ కదపకూడదు కాబట్టి అలాగే ఉంది. 2008లో అర్మేనియన్, గ్రీకు సన్యాసులు ఆ చర్చి లోపలే కొట్టుకుంటే పోలీసులు వచ్చి విడదీశారు. ఇంత కొట్లాట ఎందుకంటే ఆ సమాధి అందరికీ ఒకే సమాధి కాబట్టి, అందులో నాకు వాటా లేదని ఎవరూ అనలేరు కాబట్టి. ఇక అసలు తమాషా: ఆ చర్చి తాళంచెవి కొన్ని శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం. లోపల వాటా లేనివాళ్లు కాబట్టే అందరూ వాళ్లని నమ్మారు. శాఖకీ మతానికీ తేడా ఏంటో చెప్పమంటే నేను ఈ తలుపునే చూపిస్తాను.

కాబట్టి కేథలిక్కులు క్రైస్తవులు కారన్న మాట చరిత్రకి నిలబడదు. పెంతెకొస్తు సంఘాలు 20వ శతాబ్దం మొదట్లో పుట్టినవి, ఎక్కువ భాగం ప్రొటెస్టెంట్ ధార నుంచి వచ్చినవి, ఆ ధార 1517 తర్వాత కేథలిక్ చర్చి నుంచి చీలినది. ఆ చీలికకి మూలమైన రక్షణ సిద్ధాంతం, అంటే మనిషికి పాపం నుంచి విముక్తి ఎలా దొరుకుతుందన్న దాని మీదే లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ కలిసి 1999లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మీ మిత్రుడు బహుశా క్రైస్తవుడు అన్న మాటని రక్షణ పొందినవాడు అన్న అర్థంలో వాడుతున్నాడు. ఆయన సంఘంలో చిన్నప్పటి బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోకుండా పెద్దయ్యాక మళ్లీ ఇస్తుంటారు, అందువల్ల నేను చెప్పిన గుమ్మం పద్ధతి ఆయన విషయంలో కొంచెం తడబడుతుంది, ఒప్పుకుంటున్నాను. కానీ పసిపిల్లల బాప్తిస్మం చెల్లదనడం వేరు, వాళ్లది వేరే మతమనడం వేరు. 1527లో జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని సరిగ్గా ఈ రెండోసారి బాప్తిస్మం గొడవలోనే చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. చంపింది కేథలిక్కులు కారు, సాటి ప్రొటెస్టెంట్లే. ఒకే మతంలో ఉన్నవాళ్లు ఒకరినొకరు వదిలేయలేరు, అదే వాళ్ల బాధ.

మోర్మన్లు, అహ్మదీయులు. ఇక్కడ లోపలివాళ్లు మేం ఈ మతమే అంటారు, మిగతావాళ్లు కాదంటారు. 1830లో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన మోర్మన్ చర్చి తమది పునరుద్ధరించిన అసలు క్రైస్తవమేనని చెప్పుకుంటుంది. కానీ వాళ్లకి బైబిల్‌తో పాటు ఇంకో గ్రంథం ఉంది, త్రిత్వం, అంటే తండ్రి కుమార పరిశుద్ధాత్మలు ముగ్గురూ ఒకే దేవుడన్న సిద్ధాంతం, గురించి వాళ్ల మాట వేరు. వాటికన్ 2001లో వాళ్ల బాప్తిస్మం చెల్లదని తేల్చింది. మోర్మన్లు కూడా కేథలిక్ వస్తే మళ్లీ బాప్తిస్మం ఇచ్చే చేర్చుకుంటారు. రెండు వైపులా గుమ్మం మూసే ఉందన్నమాట. అహ్మదీయులది ఇంకా బాధాకరం. 1889లో మీర్జా గులాం అహ్మద్ స్థాపించిన ఈ జమాత్ తాము ముస్లింలమే అంటుంది, అదే కలిమా (షహాదాలోని మాటలే) చదువుతుంది, కానీ ఆయనకి ప్రవక్త హోదా ఇచ్చారన్న కారణంతో పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్నే సవరించి వాళ్లని ముస్లిమేతరులని ప్రకటించింది. 1984 నుంచి అక్కడ తమని తాము ముస్లింలమని చెప్పుకోవడమే నేరం.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ బహాయీలు. 19వ శతాబ్దపు ఇరాన్‌లో షియా సమాజం లోపలి నుంచే పుట్టారు. 1925లో ఈజిప్టులో ఒక ఇస్లామిక్ కోర్టు వీళ్లు ముస్లింలు కారు, వీళ్లది వేరే మతమని తీర్పు చెప్తే, బహాయీలు బాధపడకపోగా అది తమ స్వతంత్రతకి గుర్తింపని సంతోషించారు. అంటే బయటికి గెంటడం ఒక్కటే చాలదు, వెళ్లేవాళ్లు కూడా వెళ్తామనాలి. తొలి క్రైస్తవులూ ఒక్కరోజులో యూదు మతం వదిలి రాలేదు. యేసు శిష్యులంతా యూదులే, దేవాలయానికి వెళ్తూనే ఉండేవాళ్లు. యూదులు కానివాళ్లకి సున్తీ అక్కర్లేదని జెరూసలేంలో పెద్దలు తేల్చిన ఘట్టం అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. ఆ తర్వాత క్రీ.శ. 70లో జెరూసలేం దేవాలయం కూలింది, తరాలు గడిచాయి, ఎప్పుడో వెనక్కి తిరిగి చూసుకుంటే రెండు మతాలు ఉన్నాయి, ఏ రోజు విడిపోయాయో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

అందుకని నా సలహా: మీరు చదువుకునేవారు, నమ్మేవారు కాదు, కాబట్టి అసలైన క్రైస్తవుడెవరు, అసలైన ముస్లిం ఎవరు అని తీర్పు చెప్పే పని మీది కాదు. మోర్మన్లు తమని క్రైస్తవులమని చెప్పుకుంటారు, చాలా చర్చిలు ఒప్పుకోవు అని రెండూ కలిపి చెప్పండి, అదే నిజం కాబట్టి. అహ్మదీయుల విషయంలో నేను వాళ్ల మాటనే ముందు పెడతాను, ఒక ప్రభుత్వం ఓటేసి మనిషి మతాన్ని తేల్చడం నాకు ససేమిరా మింగుడుపడదు.

పెంతెకొస్తు, కేథలిక్ మిత్రుల మధ్య మీరు దూరకండి. వాళ్లకి ఈ తగాదా కొత్త కాదు, వాళ్లే సర్దుకుంటారు, లేదా సర్దుకోకుండానే స్నేహితులుగా ఉంటారు.

షియా మిత్రుడి గురించి మాత్రం ఆలోచించండి. ఆయన నమ్మకంలో దేవుడికి సాటి కల్పించడాన్ని మించిన పాపం లేదు, త్రిత్వాన్ని ఆయన ఆ కోవలోనే చూస్తాడు, అలాంటిది మీదీ వాళ్లదీ ఒకటేనని నవ్వుతూ అనేశారు. పెద్ద క్షమాపణలేం అక్కర్లేదు. విడిగా ఉన్నప్పుడు "ఆ రోజు నీ మతాన్ని తీసుకెళ్లి వేరే మతంలో కలిపేశాను, నీకు ఇబ్బంది అనిపించిందా?" అని అడగండి, అడిగి ఊరుకోండి, మళ్లీ అబ్రాహాము గురించి మొదలుపెట్టకండి. ముభావానికి కారణం ఇదే అయి ఉండకపోవచ్చు కూడా. ఆ ఇద్దరూ అరుచుకుంటుంటే మీరంతా అటే చూశారు, నువ్వేమంటావ్ అని ఆయన్ని ఎవరూ అడగలేదు, అదైనా అయ్యుండొచ్చు.